51 రూపాయలు, 210 రోజులు: క్రెడిట్ రిపోర్టులో తప్పులు సరిచేయించుకున్న నా అనుభవం

2025 ఫిబ్రవరి 13న నా క్రెడిట్ రిపోర్టులు తీసి చూస్తే మూడు తప్పులు కనిపించాయి. 2024 జూన్‌లో పూర్తిగా కట్టేసిన పర్సనల్ లోన్ ఇంకా నడుస్తున్నట్టు, దాని మీద 210 రోజులుగా బాకీ ఉన్నట్టు ఉంది. జన్మలో తీసుకోని బైక్ లోన్ ఒకటి నా పేరు కింద ఉంది. పోగొట్టుకుని మార్పించుకున్న క్రెడిట్ కార్డు రెండు వేర్వేరు కార్డులుగా ఉంది. మూడూ సరయ్యేసరికి ఏప్రిల్ రెండో వారం వచ్చింది. ఆ ఆలస్యంలో సగం నా స్వయంకృతం. ఏ తప్పు ఎక్కడ పుట్టిందో చూసుకోకుండా మూడింటికీ ఒకే రకం ఫిర్యాదు పెట్టాను. మూడూ తిరిగొచ్చాయి.

"సిబిల్ వాళ్ళు నా స్కోరు తగ్గించేశారు" అనే మాట తరచూ వింటుంటాం. సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరో తనంతట తాను రాసేది చాలా తక్కువ. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు పంపిన ఫైళ్ళను మనిషివారీగా పేర్చి, వాటి మీద స్కోరు లెక్క కడుతుంది. అప్పు వివరాల్లో ఒక్క అంకె మార్చాలన్నా అప్పిచ్చిన సంస్థ ఒప్పుకోవాలి. బ్యూరో సొంతంగా చేసే తప్పు ప్రధానంగా ఒకటి ఉంది, ఒకరి ఖాతాను ఇంకొకరి కింద పేర్చడం. అందుకని ముందు తేల్చుకోవాల్సింది ఫైలే తప్పుగా వచ్చిందా, పేర్చడంలో తప్పు జరిగిందా అన్నది. తేల్చడం సులువే, నాలుగు బ్యూరోల రిపోర్టులు పక్కపక్కన పెట్టాలి.

నాలుగూ ఎందుకు తీయాలి

మన దేశంలో లైసెన్సు ఉన్న క్రెడిట్ బ్యూరోలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. అన్నిటికీ 2005 నాటి క్రెడిట్ ఇన్ఫర్మేషన్ కంపెనీల చట్టం వర్తిస్తుంది. స్కోరు ఉన్న పూర్తి రిపోర్టును ప్రతి బ్యూరో క్యాలెండర్ సంవత్సరానికి ఒకసారి ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ పెట్టిన నిబంధన 2017 జనవరి నుంచి అమల్లో ఉంది. బ్యూరో వెబ్‌సైట్‌లో ఉచిత వార్షిక రిపోర్టు అనే లింకు దగ్గరే మొదలుపెట్టండి. మధ్యలో నెలవారీ ప్లాన్ల పేజీ ఎదురైతే దాటేయండి. సొంత రిపోర్టు ఎన్నిసార్లు చూసుకున్నా స్కోరు తగ్గదు. అప్పుకు దరఖాస్తు చేసినప్పుడు సంస్థ తీసే ఎంక్వైరీ వేరు.

ఫోన్ యాప్‌లలో కనిపించే స్కోరు పేజీ ఈ పనికి చాలదు. అది ఏదో ఒక బ్యూరో డేటాకు సారాంశం. ఫిర్యాదుకు కంట్రోల్ నంబరు లేదా రిపోర్టు నంబరు ఉన్న అసలు పీడీఎఫ్ కావాలి.

బ్యాంకులు నాలుగు బ్యూరోలకూ డేటా పంపాలి. కాబట్టి ఒకే తప్పు నాలుగింటిలోనూ ఉంటే అది అప్పిచ్చిన సంస్థ నుంచే వచ్చింది. ఒక్కదాంట్లోనే ఉండి మిగతా మూడూ శుభ్రంగా ఉంటే ఆ బ్యూరో పేర్పులోనో, ఎక్కించడంలోనో తేడా ఉందని ముందుగా అనుమానించాలి. నా పర్సనల్ లోన్ తప్పు, కార్డు తప్పు నాలుగింటిలోనూ ఉన్నాయి. బైక్ లోన్ ఒక్క రిపోర్టులోనే ఉంది. ఈ ముక్క మొదటి రోజే గమనించి ఉంటే రెండు వారాలు కలిసొచ్చేవి.

గళ్ళు చదవడం

రిపోర్టులో చాలామంది స్కోరు చూసి మూసేస్తారు. అసలు విషయం ప్రతి ఖాతా కింద నెలనెలా ఉండే చిన్న గళ్ళలో ఉంటుంది. ఆ గడిలో అంకెను డీపీడీ అంటారు, అంటే గడువు దాటిన రోజులు. 000 ఉంటే సమయానికి కట్టినట్టు. ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ ఉంటే ఆ నెల సమాచారం సంస్థ పంపలేదని, దాన్ని చూసి కంగారుపడక్కర్లేదు. కొన్ని చోట్ల అంకెకు బదులు ఎస్‌టీడీ, ఎస్‌ఎమ్‌ఏ, ఎస్‌యూబీ, డీబీటీ, ఎల్‌ఎస్‌ఎస్ లాంటి అక్షరాలుంటాయి. వీటిలో ఎస్‌టీడీ (స్టాండర్డ్) ఒక్కటే నిశ్చింతగా వదిలేయదగ్గది, మిగతావి బాకీ ముదిరిందనే గుర్తులు.

నా పర్సనల్ లోన్ కింద గళ్ళు ఇలా ఉన్నాయి. 2024 జూన్ 000. జులై 026. ఆగస్టు 057, సెప్టెంబరు 087, అక్టోబరు 118, నవంబరు 148, డిసెంబరు 179, 2025 జనవరి 210. వరుసగా తీసివేస్తే 31, 30, 31, 30, 31, 31 వస్తాయి, ఏ నెలకు ఎన్ని రోజులో అన్నే. అంటే ఈ ఏడు నెలల్లో ఆ ఖాతాలో ఒక్క పైసా కదల్లేదు. ఏదో చిన్న మొత్తం అలాగే పడి ఉంది. జులై 31 నుంచి 26 రోజులు వెనక్కి లెక్కిస్తే జులై 5 వస్తుంది, నా ఈఎంఐ తేదీ అదే. జూన్‌లో మూసేశానని నేననుకున్న ఖాతాకు జులై 5న ఏదో వాయిదా బాకీగా నమోదైందన్నమాట. ఈ లెక్కకు క్యాలెండర్, పెన్ను చాలు. తర్వాత బ్యాంకుతో మాట్లాడినప్పుడు "మీ సిస్టమ్‌లో జులై 5న పడిన మొత్తమేంటి" అని సూటిగా అడగగలిగింది దీనివల్లే.

దాంతోపాటు ఖాతా తెరిచిన తేదీ, మూసిన తేదీ, ప్రస్తుత బ్యాలెన్స్, ఓవర్‌డ్యూ మొత్తం, ఖాతాలో మన పాత్ర కూడా చూడాలి. పాత్ర అంటే సొంతమా, ఉమ్మడిదా, జామీనా అని. స్నేహితుడి అప్పుకు జామీను ఉన్నవాళ్ళు అది సొంత అప్పుగా నమోదైందేమో చూసుకోండి. సమాచారం ఏ తేదీ నాటిదో కూడా ప్రతి ఖాతాకూ ఉంటుంది. పోయిన వారం కట్టినది కనిపించట్లేదని ఫిర్యాదు పెట్టేవాళ్ళున్నారు, ఆ అవసరం లేదు. 2025 జనవరి 1 నుంచి సంస్థలు నెలలో 15వ తేదీ, ఆఖరి తేదీ నాటి స్థితిని ఏడు రోజుల్లోపు పంపాలని, బ్యూరోలు అందిన అయిదు రోజుల్లో ఎక్కించాలని నియమం వచ్చింది. అంతకు ముందు నెలకొకసారే. ఒక నెల ఆగి చూస్తే సగం సందేహాలు వాటంతట అవే తీరిపోతాయి.

51 రూపాయలు ఎక్కడివి

ఇలాంటి చోట బ్యాంకును అడగాల్సిన కాగితం స్టేట్‌మెంట్ ఆఫ్ అకౌంట్, అప్పు చేతికొచ్చిన రోజు నుంచి అడిగిన రోజు దాకా. "క్లోజర్ స్టేట్‌మెంట్" అంటే మూసిన రోజు దాకా ఉన్నదే ఇస్తారు, అసలు గొడవంతా ఆ తర్వాత ఉంటుంది.

నా స్టేట్‌మెంట్‌లో తేలింది ఇది. ఫోర్‌క్లోజర్ లెటర్‌లో (లోన్ ముందే మూయడానికి ఎంత కట్టాలో చెప్పే లేఖ) ఉన్న మొత్తం జూన్ 10 వరకే చెల్లుతుంది. చెక్కు 10నే ఇచ్చాను, జమ అయింది 11న. మిగిలిన అసలు 1,38,000, వడ్డీ 13.5 శాతం, ఒక్క రోజు వడ్డీ 51 రూపాయలు. బ్రాంచిలో లెటర్‌లోని అంకె, వచ్చిన అంకె ఒకటేనని చూసి జూన్ 20న నో డ్యూస్, అంటే ఇక బాకీ లేదనే కాగితం, ఇచ్చేశారు. సిస్టమ్ మాత్రం 51 రూపాయలు మిగిలాయని ఖాతా మూయలేదు. ఈఎంఐ కోసం ఇచ్చిన నాచ్ మాండేట్ (ఖాతా నుంచి డబ్బు కట్ చేసుకునే అనుమతి) అప్పటికే రద్దయింది కాబట్టి జులై 5న అది దానంతట కట్ కాలేదు. తర్వాత నెలనెలా పీనల్ ఛార్జీలు. ఫిబ్రవరికి గోరంత కొండంతై 640 రూపాయలు. ఎగవేతను బ్యూరోకు పంపేటప్పుడు సంస్థ మనకు ఎస్‌ఎమ్‌ఎస్‌గానీ మెయిల్‌గానీ పంపాలనే నియమం ఉంది. ఆ లోన్‌లో ఉన్నది నేను వదిలేసిన పాత నంబరు.

అందుకే చివరి చెల్లింపు చెక్కుతో కాకుండా, లెటర్ గడువుకు ఒక రోజు ముందే ఆన్‌లైన్‌లో చేయడం మేలు. వారం తర్వాత ఖాతా బ్యాలెన్స్ సున్నా అయిందని లాగిన్‌లో చూసుకోవాలి. నో డ్యూస్ కాగితం చేతిలో ఉండటం, ఖాతా మూసుకుపోవడం రెండు వేర్వేరు సంగతులు.

640 రూపాయలే కదా, కట్టేసి వదిలించుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది. కట్టొద్దు. కట్టిన రోజున సిస్టమ్ ఆ రోజు తేదీతో ఖాతా మూస్తుంది. అప్పుడు మూసిన తేదీ 2025 ఫిబ్రవరి అవుతుంది, 026 నుంచి 210 దాకా ఉన్న గళ్ళన్నీ నిజమైన ఆలస్యంగా స్థిరపడిపోతాయి. ఆ తర్వాత ఫిర్యాదు చేస్తే "కస్టమర్ ఆలస్యంగా కట్టారు, రికార్డు సరైనదే" అనడానికి వాళ్ళకు ఆధారం మనమే ఇచ్చినట్టవుతుంది.

ఇంకో ఉచ్చు వసూళ్ళ విభాగం నుంచి వస్తుంది. "సార్, ఆ 640 మాఫీ చేసి సెటిల్ చేసేస్తాం, ఒక మెయిల్ పెట్టండి" అన్నారు నాతో. వినడానికి ఉపకారంలానే ఉంది. కానీ బ్యాంకు మాటల్లో సెటిల్ అంటే పూర్తి బాకీ కట్టలేక కొంతకు రాజీపడటం. రిపోర్టులో "సెటిల్డ్" అని పడితే కొత్తగా అప్పిచ్చేవాళ్ళు వెనక్కి తగ్గుతారు. అందుకే నా మెయిల్‌లో మాఫీ, సెటిల్‌మెంట్ అనే మాటలే రానివ్వలేదు. "తప్పుగా వేసిన వడ్డీ, ఛార్జీల రివర్సల్" అని, స్టేటస్ "క్లోజ్డ్" కావాలని రాశాను.

మొదటి డిస్ప్యూట్ ఎందుకు వీగిపోయింది

బ్యూరో వెబ్‌సైట్‌లో లాగిన్ అయి, ఖాతా ఎంచుకుని, ఏ గడి తప్పో గుర్తు పెట్టి పంపడమే డిస్ప్యూట్. ఖర్చు లేదు. ఫిబ్రవరి 13నే మూడింటికీ "వివరాలు తప్పు" అనే రకం ఎంచుకుని పంపాను. 27న జవాబు: సంస్థ తన రికార్డుల ప్రకారం సమాచారం సరైనదేనని తెలిపింది.

కోపం తగ్గాక ఆలోచిస్తే వాళ్ళు అబద్ధం చెప్పలేదు. బ్యూరో నుంచి వచ్చిన డిస్ప్యూట్‌ను బ్యాంకు వెనక ఆఫీసులో ఒక ఉద్యోగి తీసి, లోన్ సిస్టమ్‌లో ఏముందో చూసి, రిపోర్టులో ఉన్నదానితో పోలుస్తాడు. సిస్టమ్‌లో 640 బాకీ ఉంది, రిపోర్టులోనూ 640 ఉంది. సరిపోయింది, ఫైలు మూశాడు. సిస్టమే తప్పని నిర్ణయించే అధికారం అతనికి లేదు. బైక్ లోన్ విషయంలోనూ అంతే. ఆ కంపెనీ అప్పు ఇచ్చింది నిజం, వివరాలు నిజం, కాకపోతే తీసుకున్నవాడు నేను కాదు. "వివరాలు తప్పా" అని అడిగితే "కాదు" అనే చెబుతారు.

కాబట్టి సిస్టమ్‌లోనే తప్పున్నప్పుడు ముందుగా బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి, ఫిర్యాదులకు బాధ్యుడైన నోడల్ ఆఫీసర్‌కు రాయాలి. అదే రోజు బ్యూరోలో మళ్ళీ డిస్ప్యూట్ వేసి, బ్యాంకు ఇచ్చిన ఫిర్యాదు నంబరు అందులో పెట్టాలి. ఫిర్యాదు తిరస్కరిస్తే కారణం చెప్పాల్సిన బాధ్యత సంస్థకు ఉంది కాబట్టి "కారణం రాతపూర్వకంగా ఇవ్వండి" అని కూడా అడగవచ్చు.

మార్చి 3న పంపిన మెయిల్‌లో కథ లేదు. లోన్ నంబరు, రిపోర్టు కంట్రోల్ నంబరు, చెక్కు నంబరు, జమ అయిన తేదీ, నో డ్యూస్ తేదీ మొదటి మూడు వాక్యాల్లో. తర్వాత కోరినవి ఒక్కొక్కటే విడిగా: 51 రూపాయల వడ్డీ, దాని మీద వేసిన ఛార్జీలు రివర్స్ చేయడం, ఖాతా మూసిన తేదీ 11-06-2024గా పెట్టడం, బ్యాలెన్స్, ఓవర్‌డ్యూ సున్నా చేయడం, 2024 జులై నుంచి ఉన్న డీపీడీ గళ్ళు తీసేయడం, సవరణను నాలుగు బ్యూరోలకూ పంపి ఆ తేదీలు తెలపడం. జతగా ఫోర్‌క్లోజర్ లెటర్, చెక్కు డెబిట్ అయిన బ్యాంకు స్టేట్‌మెంట్ పేజీ, నో డ్యూస్, తప్పు గళ్ళ చుట్టూ గీత గీసిన రిపోర్టు పేజీ, అన్నీ ఒకే పీడీఎఫ్‌గా. విడివిడి ఫొటోలు పంపితే ఒకటి తెరుచుకుని మూడు తెరుచుకోవు.

గళ్ళ సంగతి విడిగా ఎందుకు రాయాలంటే, అడక్కపోతే చేయరు. అడిగినా మొదటిసారి చేయలేదు. మార్చి 26న "పరిష్కరించాం" అని మెయిల్ వచ్చింది. తీసి చూస్తే ఖాతా క్లోజ్డ్, బ్యాలెన్స్ సున్నా. కానీ మూసిన తేదీ 24-03-2025, గళ్ళు ఎక్కడివక్కడే. 210 రోజుల ఎగవేత తర్వాత బాకీ తీర్చిన మనిషిలా కనిపిస్తున్నాను. అదే రోజు అదే ఫిర్యాదు నంబరు మీద "అయిదింటిలో రెండే చేశారు" అని జవాబిచ్చాను. కొత్త ఫిర్యాదు వేయలేదు, కొత్తది వేస్తే గడువు లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

ముప్పై రోజులు, రోజుకు వంద

సవరణ కోరిన 30 రోజుల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది. దానికి కోరలు వచ్చింది ఆలస్యంగా. రిజర్వ్ బ్యాంక్ 2023 అక్టోబరు 26న ఇచ్చిన ఆదేశం ప్రకారం, 2024 ఏప్రిల్ చివరి నుంచి, ఫిర్యాదు చేసిన 30 క్యాలెండర్ రోజుల్లో పరిష్కారం కాకపోతే ఆపై ప్రతి రోజుకూ 100 రూపాయలు ఫిర్యాదుదారుకు ఇవ్వాలి. సవరించిన సమాచారం పంపడానికి అప్పిచ్చిన సంస్థకు 21 రోజులు. అది దాటితే సంస్థ కట్టాలి. సంస్థ సమయానికి పంపినా బ్యూరో జాప్యం చేస్తే బ్యూరో కట్టాలి. ఫిర్యాదు తేలిన అయిదు పని దినాల్లో డబ్బు మన ఖాతాలో పడాలి. అందుకే ఫిర్యాదు పెట్టేటప్పుడే బ్యాంకు ఖాతా వివరాలో యూపీఐ ఐడీయో ఇవ్వాలి. స్కోరు లెక్కగట్టే పద్ధతి మీద చేసే ఫిర్యాదులకు ఇది వర్తించదు.

మార్చి 3న వేసిన ఫిర్యాదుకు 30 రోజులు ఏప్రిల్ 2తో పూర్తి. గళ్ళతో సహా అన్నీ సరయింది ఏప్రిల్ 11న. తొమ్మిది రోజులకు 900 రూపాయలు. మార్చి 26నే ముగిసిందని బ్యాంకు మొదట వాదించింది. ఆ రోజే నేనిచ్చిన జవాబు, అప్పటి రిపోర్టు పేజీ పంపాక జమ చేసింది. 900తో మేడలు కట్టలేం. కానీ ఈ నియమాన్ని పేరుపెట్టి, తేదీలతో సహా మెయిల్‌లో రాస్తే అవతలి వైపు కదలిక వస్తుంది. నా విషయంలో ఏప్రిల్ 3న ఆ వాక్యం చేర్చాక మొదటిసారి ఒక మనిషి ఫోన్ చేశాడు.

అప్పటికీ తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ బ్యూరోలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి. రిజర్వ్ బ్యాంక్ ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. సమాచారానికి 14448కి ఫోన్ చేయవచ్చు. ముందు సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజులు జవాబు రాకపోవడమో, వచ్చిన జవాబు నచ్చకపోవడమో జరిగి ఉండాలి. నేరుగా వెళ్తే తిప్పి పంపేస్తారు. నాకు అంత దూరం అవసరం పడలేదు.

పరాయి మనిషి బైక్ లోన్

ఇది మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా పట్టే పీడ. ఇంటిపేరు ఒక కార్డులో ముందు, ఒక కార్డులో వెనక, ఇంకో దాంట్లో ఒక్క అక్షరం. శ్రీనివాస్, శ్రీనివాసు, శ్రీనివాసరావు ముగ్గురూ ఒకరే కావచ్చు, ముగ్గురు కావచ్చు. పైగా బడిలో చేర్చేనాడు పంతులుగారు జూన్‌లోనో జులైలోనో ఒకటో తేదీ వేసిన పుట్టినరోజులు ఊరికి పది. పేరు, పుట్టినతేదీ కలిసి, పాన్ నంబరు లేకుండా వచ్చిన ఖాతా ఉంటే బ్యూరో కంప్యూటర్ దాన్ని పక్కవాడికి అంటగట్టడం వింత కాదు. పెళ్ళి తర్వాత ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్ళకు దీనికి వ్యతిరేకం జరుగుతుంది, ఒకే మనిషి చరిత్ర రెండు ముక్కలై రెండు రిపోర్టుల్లో పడుతుంది.

తెలియని ఖాతా కనపడగానే మోసమని బెంబేలు పడకుండా రిపోర్టు మొదటి పేజీలో గుర్తింపు వివరాలు చూడండి. నా రిపోర్టులో నాది కాని ఓటరు కార్డు నంబరు, నాది కాని ఫోన్ నంబరు, ఎప్పుడూ ఉండని జిల్లా చిరునామా ఉన్నాయి. ఆ లోన్ కంపెనీని అడిగితే వాళ్ళ దరఖాస్తులో పాన్ లేదు. అంటే ఇద్దరి ఫైళ్ళు కలిసిపోయాయి. మార్చి 3న రకం మార్చి "ఈ ఖాతా నాది కాదు" కింద డిస్ప్యూట్ వేసి, ఆ గుర్తింపు వివరాలు కూడా నావి కావని విడిగా గుర్తు పెట్టాను. కంపెనీ డేటా తప్పు కాదని, పేర్పులో తప్పని ఒక వాక్యం రాశాను. జతగా పాన్, ఆధార్. మార్చి 17కల్లా ఖాతా, చిరునామా, ఫోన్ నంబరు మూడూ పోయాయి. పరాయి చిరునామా, నంబరు వదిలేసి ఖాతా ఒక్కటే తీయించుకుంటే మళ్ళీ అతికే ప్రమాదం ఉంది.

ఆ ఖాతాలో మీ పాన్ నంబరే ఉంటే కథ వేరు. అప్పుడు మీ పేరుతో ఎవరో అప్పు తీసుకున్నట్టు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు, ఆ నంబరుతో అప్పిచ్చిన కంపెనీకి లేఖ, కేవైసీ కాగితాలు, డబ్బు జమ అయిన ఖాతా వివరాలు ఇమ్మని అడగడం అన్నీ వెంటవెంటనే జరగాలి. ఒక మినహాయింపు ఉంది. యాప్‌లో చిన్న అప్పు, షాపులో ఈఎంఐ మీద ఫోన్ తీసుకుని ఉంటే రిపోర్టులో యాప్ పేరు, షాపు పేరు ఉండదు, వెనక డబ్బు పెట్టిన ఫైనాన్స్ కంపెనీ పేరుంటుంది. మొత్తం, తేదీ చూస్తే గుర్తొస్తుంది. విలీనమైన బ్యాంకుల అప్పులదీ ఇలాంటి తికమకే. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిశాయి. పాత పేరుతో ఉన్న అప్పుకు నో డ్యూస్, సవరణ కొత్త బ్యాంకే ఇవ్వాలి.

కార్డు సంగతి త్వరగా తేలింది. పోయిన కార్డుకు బదులు కొత్త నంబరుతో కార్డు ఇచ్చినప్పుడు పాత నంబరు ఖాతాను మూసినట్టు పంపలేదు. లిమిట్ రెండుసార్లు లెక్కలోకి వచ్చింది, పాత దాంట్లో కార్డు మార్చిన నెల బ్యాలెన్స్ గడ్డకట్టుకుని ఉంది. కార్డు కంపెనీకి రెండు నంబర్లూ ఇచ్చి, "డూప్లికేట్ ఖాతా" రకంలో మళ్ళీ డిస్ప్యూట్ వేస్తే పదిహేను రోజుల్లో ఒకటి పోయింది. కొత్త కార్డు కింద పాత చరిత్ర మిగిలిందో లేదో చూసుకోండి. పొరపాటున పాతదానితోపాటు చరిత్ర మొత్తం తీసేస్తే మంచి గళ్ళు కూడా పోతాయి.

నిజంగా ఆలస్యంగా కట్టినవి, నిజంగా సెటిల్ చేసుకున్నవి ఈ దారిలో పోవు. "సిబిల్ క్లియర్ చేస్తాం" అని అయిదు వేలు, పది వేలు అడిగేవాళ్ళు చేసేది మనం ఉచితంగా వేసే ఇదే డిస్ప్యూట్‌ను పదేపదే వేయడం. చేతిలో మీ పాన్, ఓటీపీ పెట్టడం అదనపు నష్టం. సెటిల్ చేసుకున్న అప్పులో మిగిలిన మొత్తం కట్టి, సంస్థ చేత క్లోజ్డ్‌గా మార్పించుకునే అవకాశం ఉంటుంది, అది బేరం కిందికి వస్తుంది, తప్పు దిద్దడం కిందికి రాదు.

ఏప్రిల్ చివర్లో స్కోరు 641 నుంచి 762కి వచ్చింది. ఇంటి లోన్ దరఖాస్తు మాత్రం అంతకు ముందే, ఏప్రిల్ 14న ఇచ్చాను. ఆ బ్యాంకు తీసిన రిపోర్టు ఇంకో బ్యూరోది, సవరణ అక్కడికింకా ఎక్కలేదు, 210 అలాగే ఉంది. పాత బ్యాంకు నుంచి తీసుకున్న లేఖ అప్పుడు అక్కరకొచ్చింది. ఖాతా 11-06-2024న మూసినట్టు, డీపీడీ పొరపాటున వెళ్ళినట్టు, నాలుగు బ్యూరోలకూ సవరణ పంపిన తేదీలతో, సంతకం, ముద్రతో ఒక పేజీ. లోన్ ఆఫీసర్ దాన్ని ఫైలులో పెట్టుకుని, పది రోజుల తర్వాత మళ్ళీ రిపోర్టు తీశారు. అప్పటికి జులై గడి ఖాళీగా ఉంది.